టర్బో కారుకు పెద్ద ఇంటర్‌కూలర్: మన ఎండలకు, మన ఘాట్లకు తగ్గట్టు బిగించుకునే పద్ధతి

విజయనగరం నుంచి సాలూరు మీదుగా పి.కోనవలస ఘాట్ ఎక్కి ఒడిశా వైపు టర్బో కారులో వెళ్ళినవాళ్ళకు ఈ సంగతి అనుభవమే. మొదటి మలుపులో యాక్సిలరేటర్ తొక్కితే కారు ఉరుకుతుంది. అయిదో మలుపు వచ్చేసరికి అంతే తొక్కినా ఆ ఊపు ఉండదు. మే నెల మధ్యాహ్నం, ఏసీ వేసుకుని, నలుగురు కూర్చుని ఉంటే మరీను. చాలామంది టర్బో పోయిందేమోనని టెన్షన్ పడతారు. చాలాసార్లు టర్బోకి ఏమీ కాదు. టర్బో నొక్కి పంపే వేడి గాలిని ఇంజన్‌లోకి పోయేముందు చల్లబరిచే, ముందున్న చిన్న ఇంటర్‌కూలర్ వేడెక్కిపోయి, తేరుకునే వ్యవధి దొరక్క చతికిలబడుతుంది.

పెద్ద ఇంటర్‌కూలర్ వేయిస్తే కారుకు కొత్త బలం వచ్చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కంపెనీ సెట్టింగ్ మార్చకుండా ఇంటర్‌కూలర్ ఒక్కటే మారిస్తే, కారుకున్న బలం ఎండలోనూ, ఎక్కుడు దారిలోనూ తగ్గిపోకుండా నిలబడుతుంది. నా వరకు అదే పెద్ద లాభం. అది కావాలనుకునేవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

లెక్క ఒకసారి చూద్దాం

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టేటప్పుడు కింద గొట్టం చేతికి కాలడం అందరికీ తెలుసు. టర్బోలో జరిగేదీ అదే. బయట 35 డిగ్రీలున్న గాలిని టర్బో 0.8 బార్ బూస్ట్‌కి, అంటే బయటి గాలి ఒత్తిడి మీద అంత అదనంగా, నొక్కిందనుకోండి. దాని సామర్థ్యం 70 శాతం అనుకుంటే, బయటికొచ్చే గాలి వేడి దాదాపు 115 డిగ్రీలు ఉంటుంది. ఇంటర్‌కూలర్ లేకుండా ఆ గాలి నేరుగా ఇంజన్‌లోకి పోతే రెండు నష్టాలు. వేడి గాలి పలచన, కాబట్టి సిలిండర్‌లోకి పోయే ఆక్సిజన్ తగ్గుతుంది. పైగా పెట్రోలు ఇంజన్‌లో నాకింగ్, అంటే పెట్రోలు మిశ్రమం తనంతట తానే మండి టకటకలాడడం, మొదలవుతుంది. దాన్ని ఆపడానికి ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ ఈసీయూ స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది, బలం పడిపోతుంది. ఘాట్‌లో మీకు తెలిసే నీరసం ముఖ్యంగా ఈ రెండోదాని వల్లే.

కంపెనీ ఇంటర్‌కూలర్ ఆ 115ను 65కి దించుతోందనీ, మీరు వేసేది 50కి దించుతుందనీ అనుకుందాం. గాలి సాంద్రత పెరిగేది 4, 5 శాతం మాత్రమే. ఇప్పుడు ఇంకో సంగతి. కొత్త కోర్ (ఇంటర్‌కూలర్‌లో గాలి చల్లబడే జాలీ భాగం) లోపల దారి సరిగా లేక గాలి ఒత్తిడి అదనంగా 0.1 బార్ పడిపోతే, సాంద్రతలో 5 శాతం పైగా అక్కడే పోతుంది. ఈ చేత్తో వచ్చింది ఆ చేత్తో పోయినట్టే. అందుకే కోర్ ఎంత పెద్దదని చూడ్డం కంటే గాలి దాంట్లోంచి ఎంత సులువుగా పోతుందని చూడ్డం ముఖ్యం.

మీ కారుకు అసలు అవసరమా?

డబ్బు ఖర్చు పెట్టే ముందు కారు కంప్యూటర్‌లోని అంకెలు చూపే ఒక బ్లూటూత్ ఓబీడీ పరికరం కొనండి. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో గుచ్చి, ఫోన్‌లో యాప్ పెట్టుకుంటే ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత, మ్యానిఫోల్డ్ (గాలిని సిలిండర్లకు పంచే గొట్టం) ఒత్తిడి కనిపిస్తాయి. పక్క సీట్లో ఒకరిని కూర్చోబెట్టి ఆ అంకెలు రాయించండి. నడిపేవాళ్ళు ఫోన్ చూడకూడదు. హైవే మీద భోగాపురం దాకా ఒకసారి, ఘాట్‌లో ఒకసారి తీసుకుంటే చాలు. బయటి వేడి కంటే ఇన్‌టేక్ వేడి 15, 20 డిగ్రీలకు మించకపోతే కంపెనీది బాగానే పనిచేస్తున్నట్టు, డబ్బు దాచుకోండి. ఘాట్‌లో ఆ తేడా 40 డిగ్రీలు మించి ఎక్కి దిగకుండా ఉంటే అప్పుడు ఆలోచించాలి. ఈ అంకెలు రాసిన కాగితం పారేయకండి, పని అయ్యాక పోల్చుకోవడానికి కావాలి.

మీ కారులో ఉన్నది గాలితో చల్లబడేదా, నీళ్ళతో చల్లబడేదా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. బెలీనో ఆర్ఎస్ లాంటి కార్లలో ముందు నుంచి వచ్చే గాలే దాన్ని చల్లబరుస్తుంది. వోక్స్‌వ్యాగన్ 1.0 టీఎస్ఐ ఇంజన్‌లోనైతే ఇంటర్‌కూలర్ ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లోనే కలిసి ఉంటుంది, నీళ్ళతో చల్లబడుతుంది. అలాంటి కారుకు ఈ పద్ధతి పనికిరాదు.

చట్టం సంగతి దాటేయకండి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు కంపెనీ మొదట నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019లో సవరించిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, లేదా రెండూ గానీ పడవచ్చు. కాబట్టి పని మొదలుపెట్టక ముందే రవాణా కార్యాలయంలోనూ, ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గరా రాతపూర్వకంగా అడగండి. వారంటీ ఉన్న కారైతే ఆ గడువు ముగిసేదాకా ఆగడమే మంచిదని నేనంటాను.

కోర్ ఎంచుకోవడం

దొరికేవి రెండు రకాలు. ట్యూబ్ అండ్ ఫిన్ (గొట్టాలు, వాటి మధ్య ఫిన్లు అనే పల్చటి రేకులు) తేలిక, వెనకున్న రేడియేటర్‌కు గాలి బాగా వదులుతుంది. బార్ అండ్ ప్లేట్ (కడ్డీలు, పలకలు పొరలుగా పేర్చి అతికింది) బరువు, కానీ రాళ్ళ దెబ్బకు ఆగుతుంది, కాసేపు తొక్కితే వచ్చే వేడిని తనలో దాచుకుని ఆలస్యంగా వేడెక్కుతుంది. మన ఘాట్ రోడ్లకు బార్ అండ్ ప్లేటే నా ఎంపిక, కానీ మందం 50 నుంచి 65 మిల్లీమీటర్ల లోపే. మూడంగుళాల మందంది పెట్టి ఏసీ కండెన్సర్‌కు గాలి ఆడకుండా చేసుకుంటే, మే నెలలో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ట్రాఫిక్‌లో ఉక్కతో అల్లాడిపోతారు. ఒక లీటరు, 1.2 లీటర్ల ఇంజన్‌కు 50 నుంచి 57 మిల్లీమీటర్ల పైపు సరిపోతుంది. అంతకంటే లావు పైపు వేస్తే నింపాల్సిన గాలి పెరిగి టర్బో అందుకోవడం ఆలస్యమవుతుందే తప్ప ఉపయోగం లేదు.

కొనేటప్పుడు టార్చి వేసి మూతిలోంచి లోపలికి చూడండి. ట్యూబుల లోపల కూడా సన్నని రేకుల మడతలు కనిపించాలి. బయట మాత్రమే ఫిన్లు ఉండి లోపల బోలుగా ఉంటే అది వేడిని సరిగా లాగదు. పైపు చివర చుట్టూ ఉబ్బెత్తు అంచు ఉందో లేదో వేలు పెట్టి తడిమి చూడండి. హోస్ జారకుండా పట్టేది ఆ అంచే. అది లేకపోతే ఆర్గాన్ వెల్డింగ్ చేసేవాళ్ళతో చుట్టూ సన్నగా పోయించుకోవచ్చు. మన హైవే పక్కన లారీల ఇంటర్‌కూలర్లు అతికే షెడ్లు ఉంటాయి. కార్ల షోరూముల్లో కంటే అక్కడే అల్యూమినియం పని తెలిసిన చేతులు ఎక్కువ. విడిభాగాలకు గాజువాక ఆటోనగర్ వెళ్తే హోసులు, క్లాంపులు ఒకేచోట దొరుకుతాయి.

హోసులు నాలుగు పొరల సిలికాన్‌వి తీసుకోండి. టర్బో దగ్గర వేడీ, నూనె ఆవిరీ తగులుతాయి కాబట్టి ఆ ఒక్క హోస్ లోపల ఫ్లోరో పూత ఉన్నది అయితే ఎక్కువ కాలం ఉంటుంది. క్లాంపులు టీ-బోల్ట్ రకం. నీళ్ళ మోటారుకు వేసే మామూలు హోస్ క్లిప్పులు ఇక్కడ వద్దు, వాటి పళ్ళు సిలికాన్‌ను కోసేస్తాయి.

తొట్టిలో ముంచి చూడండి

కొత్త కోర్‌ను పెట్టెలోంచి తీసి నేరుగా బిగించేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. లోపల కోత కోసినప్పటి అల్యూమినియం పొట్టు ఉండొచ్చు. అది ఇంజన్‌లోకి పోతే సిలిండర్ గోడలు గీసుకుపోతాయి. ముందు బ్రేక్ క్లీనర్ పోసి, అటూ ఇటూ ఊపి, మూతి కిందికి పెట్టి తెల్లటి గుడ్డ మీద ఒంపండి. గుడ్డ మీద మెరుపు తునకలు కనిపిస్తూ ఉన్నన్ని సార్లు మళ్ళీ కడగాలి. ఆ తర్వాత కంప్రెసర్ గాలి పట్టి పూర్తిగా ఆరబెట్టండి.

ఇక లీకు పరీక్ష. పంక్చర్ షాపు పద్ధతే. రెండు మూతులకూ హోస్ ముక్కలు తొడిగి, వాటిలో పీవీసీ ఎండ్ క్యాపులు బిగించి, ఒక క్యాపుకు ట్యూబ్‌లెస్ టైరు వాల్వ్ పెట్టాలి. హోస్ ముక్కను ప్లంబింగ్ షాపుకు తీసుకెళ్తే సరైన సైజు క్యాపు అక్కడే చూసుకోవచ్చు. పెరట్లో నీళ్ళ తొట్టిలో కోర్‌ను ముంచి, ఫుట్ పంపుతో 10 పీఎస్ఐ దాకా గాలి కొట్టండి. మొదట ఫిన్ల మధ్య ఇరుక్కున్న గాలి బుడబుడమని పైకొస్తుంది, దానికి కంగారు పడకండి. కోర్‌ను కాస్త కదిపి, నీళ్ళు తేరుకునేదాకా రెండు నిమిషాలు ఆగండి. అప్పటికీ ఒకే చోటు నుంచి పూసల దండలా బుడగలు వస్తూ ఉంటే అక్కడ వెల్డింగ్ పట్టలేదని అర్థం. వెంటనే వాపసు ఇచ్చేయండి. గాలి కొట్టేటప్పుడు క్యాపులకు ఎదురుగా మొహం పెట్టకండి, ఊడితే రాయిలా ఎగిరొస్తుంది.

పాతది విప్పడం

ఇంజన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టాలి. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి పది నిమిషాలు ఆగండి. బంపర్ వెనక ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు ఉండొచ్చు కాబట్టి ఈ ఆగడం తప్పనిసరి. కారు ఎత్తాల్సి వస్తే స్టాండ్లు పెట్టాలి, ఒట్టి జాకీని నమ్మి కిందకు దూరకండి.

బంపర్ క్లిప్పులు, 10 నంబర్ బోల్టులు ఎక్కడివి అక్కడ ఫొటో తీసి, ఇడ్లీ ప్లేటు గుంటల్లో వరసగా వేసుకోండి. ఇంట్లో అడిగి తీసుకోండి, తిరిగి కడిగి ఇవ్వండి. బంపర్ లాగేటప్పుడు ఫాగ్ లైట్ల, పార్కింగ్ సెన్సర్ల కనెక్టర్లు ముందే వదిలించాలి. కండెన్సర్ అడ్డు వస్తే పైపులు విప్పకుండా తాడుతో పక్కకు కట్టండి. ఏసీ పైపు విప్పక తప్పని కారైతే ముందుగా ఏసీ మెకానిక్ మెషీన్‌తో గ్యాస్ తీయాలి. దాన్ని గాల్లోకి వదిలేయడం తప్పు, మీద పడితే చర్మం మంచు కాటుకు గురవుతుంది.

పాత ఇంటర్‌కూలర్ తీశాక దాన్ని ఒంపి చూడండి. లోపల పల్చగా నూనె తడి ఉండడం మామూలే, ఇంజన్ కింది గది (క్రాంక్‌కేస్) నుంచి వచ్చే ఆవిరి అది. అరచేతిలో నిలిచేంత నూనె కారితే మాత్రం ఆగిపోండి. టర్బో సీలు గానీ, ఆ ఆవిరిని వదిలే పీసీవీ వాల్వ్ గానీ చూపించుకోకుండా కొత్తది వేస్తే అది కూడా నూనెతో నిండిపోతుంది. పాత ఇంటర్‌కూలర్‌ను అమ్మకండి, కడిగి అటక మీద పెట్టండి.

విప్పినప్పుడు తెరిచి ఉన్న ప్రతి మూతికీ శుభ్రమైన గుడ్డ కట్టండి. లోపలికి కుక్కకండి, పైనుంచి కట్టండి. కుక్కిన గుడ్డను మరిచిపోతే ఇంజన్ మింగేస్తుంది.

కొత్తది నిలబెట్టడం

మొదట ఏదీ బిగించకుండా ఒట్టిగా పెట్టి చూడండి. బంపర్ కూడా తొడిగి చూడండి. చాలామంది ఇక్కడే తొందరపడి, కోర్ పట్టడం లేదని బంపర్ వెనకుండే ఇనుప బీమ్‌ను కోసేస్తారు. ఆ పని ఎట్టి పరిస్థితుల్లో చేయవద్దు. గేదె అడ్డొచ్చినా, లారీ సడన్ బ్రేకు వేసినా ముందు సీట్లలోవాళ్ళను కాపాడేది ఆ బీమే. పట్టకపోతే కోర్ మార్చుకోండి.

బ్రాకెట్లకు రబ్బరు బుష్‌లు వేసి కోర్‌ను వేలాడదీయాలి. నేరుగా ఛాసిస్‌కు బిగిస్తే అదురుకు కొన్నాళ్ళలో వెల్డింగ్ దగ్గర పగులుతుంది. సముద్రం పక్కనున్న మనకు ఇంకో సమస్య ఉప్పు గాలి. స్టీలు బోల్టు అల్యూమినియాన్ని నేరుగా తాకితే ఉప్పు తేమకు అల్యూమినియం తెల్లగా పొడి రాలుతూ తినేసుకుంటుంది. మధ్యలో నైలాన్ వాషర్ వేసి, బోల్టు మరలకు అవి పట్టేయకుండా యాంటీ-సీజ్ పూయండి. కళింగపట్నం, భీమిలి వైపు రోజూ తిరిగే కార్లకు ఇది మరీ అవసరం.

హోసులు: అసలు పని ఇక్కడే

నేను మొదటిసారి చేసినప్పుడు హోస్ ఎక్కడం లేదని కాస్త గ్రీజు రాశాను. సుతారంగా ఎక్కింది. శ్రీకాకుళం వెళ్తుంటే రణస్థలం దాటగానే ఒక బస్సును దాటడానికి తొక్కాను. బానెట్ కింద ఠప్‌మని పేలినట్టు శబ్దం. కారు ఒక్కసారిగా ఎడ్లబండి అయిపోయింది, డాష్‌బోర్డులో ఇంజన్ లైటు వెలిగింది. పక్కకు తీసి చూస్తే టర్బో వైపు హోస్ పైపు నుంచి ఊడి వేలాడుతోంది. దగ్గర్లో లారీ షెడ్డులో పెద్దాయన వచ్చి, పైపు మీద వేలు పెట్టి రాసి, ఆ వేలు నాకు చూపించారు. నల్లగా మెరుస్తోంది. "ఏటి బాబూ, గొట్టానికి గ్రీజు రాసినావా? గ్రీజు రాస్తే జారక ఏటవుద్ది?" అన్నారు. పైపునీ హోస్ లోపలినీ పెట్రోలు గుడ్డతో రెండుసార్లు తుడిచి, పైపు మీద ఎమ్రీ పేపరుతో అడ్డంగా గీతలు పడేలా రుద్ది, ఆ పొట్టు దులిపి, తడి వేలితో హోస్ అంచు తడిపి ఎక్కించారు. అప్పట్నుంచీ నేను చేసేది అదే.

హోస్ ఎక్కడానికి నీళ్ళో, సబ్బు నీళ్ళ తడో చాలు, అది ఆరిపోతుంది. హోస్ ఉబ్బెత్తు అంచు దాటి కనీసం ఒక అంగుళం లోపలికి పోవాలి. క్లాంపు ఆ అంచుకు వెనక, పైపు వైపు ఉండాలి. అంచు మీదే పెడితే గాలి నొక్కిన ప్రతిసారీ మెల్లగా బయటికి జరుగుతుంది. చిన్న రాట్చెట్‌తో బిగిస్తూ, క్లాంపు పక్కన సిలికాన్ కొద్దిగా ఉబ్బడం మొదలవగానే ఆపండి. పట్టీ కిందినుంచి రబ్బరు పిండిలా బయటికొస్తే మితిమీరినట్టే.

యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజన్ తన మౌంట్ల మీద అటూ ఇటూ ఊగుతుంది. కాబట్టి పైపుకూ దేనికైనా మధ్య వేలు దూరేంత సందు ఉండాలి. ఫ్యాన్ బెల్టు, స్టీరింగ్ భాగాలు, ఎగ్జాస్ట్ దగ్గర ఇంకా ఎక్కువ. పైపు నేలకు ఎంత దగ్గరగా ఉందో కూడా చూసుకోండి. మన ఊళ్ళ స్పీడ్ బ్రేకర్లు కొలత లేకుండా వేసినవి.

ఇన్‌టేక్ ఉష్ణోగ్రత, ఒత్తిడి సెన్సర్ పాత పైపు మీద ఉంటే దాన్ని కొత్త దాని మీదికి మార్చాలి. ఇంటర్‌కూలర్ తర్వాతే ఉండాలి, ముందు ఉంటే ఈసీయూకు తప్పు లెక్క పోతుంది. కొత్త ఓ-రింగ్ వేయండి. శబ్దం కోసం గాలిని బయటికి వదిలే బ్లో-ఆఫ్ వాల్వ్ పెట్టమని కొందరు సలహా ఇస్తారు. లోపలికొచ్చే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న కార్లలో, లెక్కపెట్టిన గాలి బయటికి పోయి పెట్రోలు ఎక్కువై, ఇంజన్ ఆగిపోతుంటుంది. కంపెనీ వాల్వ్‌ను ఎలా ఉన్నదాన్ని అలాగే ఉంచండి.

గాలికి దారి చూపాలి

గాలి ఎప్పుడూ అడ్డం లేని వైపే పోతుంది. గ్రిల్‌కూ కోర్‌కూ మధ్య పక్కల్లో సందులుంటే, లోపలికొచ్చిన గాలి కోర్‌లోంచి కాకుండా చుట్టూ జారిపోతుంది. సీటు కవర్ల షాపులో దొరికే గట్టి ఫోమ్, పల్చటి అల్యూమినియం రేకు తెచ్చి ఆ సందులన్నీ మూయండి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితం ఇచ్చే పని ఇందులో ఇంకోటి లేదు. కోర్ మార్చకుండా ఈ పని ఒక్కటే ముందు చేసి చూసినా తప్పులేదు.

అన్నీ కూర్చాక, బంపర్ తొడగక ముందే మళ్ళీ ఒత్తిడి పరీక్ష చేయాలి. టర్బో దగ్గరి హోస్‌నూ, థ్రాటిల్ (ఇంజన్‌లోకి పోయే గాలిని అదుపు చేసే మూత) దగ్గరి హోస్‌నూ విప్పి, అవే క్యాపులతో మూసి, 10 పీఎస్ఐ దాకా మెల్లగా గాలి కొట్టి, ప్రతి అతుకు మీదా సబ్బు నురగ బ్రష్‌తో రాయండి. నురగ కళ్ళ ముందే ఉబ్బితే అక్కడ లీకు. నురగ రాకపోయినా పంపు మీటరు పడిపోతుంటే సెన్సర్ ఓ-రింగ్ దగ్గరా, క్యాపుల దగ్గరా చూడండి. హోసులు తిరిగి బిగించాక క్లాంపులు లెక్కపెట్టుకోండి.

నడిపి చూడడం

బ్యాటరీ కలిపి, స్టార్ట్ చేసి, పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి వినండి. ఈల శబ్దం వస్తే లీకు. ఏసీ వేసి, రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందో, కూలెంట్ వేడి పాత స్థాయిలోనే ఉందో చూడండి. మొదటి రోజు ఊళ్ళోనే మెల్లగా తిప్పండి. మర్నాడు పొద్దున్న ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు క్లాంపులన్నీ మరోసారి చూడాలి, సిలికాన్ వేడికి ఒదిగి కాస్త వదులవుతుంది. 500 కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి. ఓబీడీలో పీ0299 అనే కోడ్ వస్తే బూస్ట్ తక్కువైందని అర్థం, ముందు అనుమానించాల్సింది మీరు బిగించిన అతుకులనే.

ఆ తర్వాత అదే ఘాట్‌కు, అదే వేళకు, అంతమందినే ఎక్కించుకుని వెళ్ళి అంకెలు రాయించండి. మొదటి మలుపులో పెద్ద తేడా కనిపించకపోవచ్చు. ఆరో మలుపులో, ఏడో మలుపులో ఇన్‌టేక్ వేడి పాత కాగితంలో కంటే ఎంత తక్కువుందో చూడండి. కూలెంట్ వేడి మాత్రం పెరిగి ఉంటే, కోర్ రేడియేటర్‌కు అడ్డుపడుతోంది. సందులు మూసిన ఫోమ్‌ను సరిచేసి చూడండి, అప్పటికీ తగ్గకపోతే పాతది తిరిగి వేసేయడమే.

వరుణుడికీ వడ్లకూ

అక్టోబరులో తుపాన్లొస్తే ఇంటర్‌కూలర్ బంపర్ కింది భాగంలో ఉంటుందని గుర్తుంచుకోండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చిన నెల అదే. నీళ్ళు బంపర్ ఎత్తు ఉన్న రోడ్డులోకి కారు దించకండి. వదులైన ఒక్క అతుకు చాలు, ఇంజన్ నీళ్ళు తాగడానికి.

సంక్రాంతి ముందు రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు, నూర్పిళ్ళ పొట్టు గాల్లో తేలుతుంటుంది. అదంతా ఫిన్లలో దూరి పెచ్చు కడుతుంది, దాని మీద సాయంత్రం పూట పురుగులు. ముందు సన్నటి జాలీ పెట్టండి. నెలకోసారి తోట పైపుతో వెనక నుంచి ముందుకు నీళ్ళు పట్టండి. సర్వీసింగ్ సెంటర్లో ప్రెషర్ గన్ కోర్ మీద కొట్టనివ్వకండి, ఫిన్లు కాగితాల్లా వంగిపోతాయి. కొన్ని వంగితే ఓపిగ్గా అగరుబత్తి పుల్లతో ఒక్కొక్కటే నిలబెట్టొచ్చు. సముద్రం వైపు వెళ్ళొచ్చిన రోజు మాత్రం నెల దాకా ఆగకుండా ఆ సాయంత్రమే మంచినీళ్ళతో కడిగేయండి.